దయచేసి ముట్టుకోకండి

బెంగళూరు,
8 డిసెంబరు 2024.

తిప్పయ్య బావకు భాస్కరు నమస్కారాలు.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరం రాయించుకునే మనిషి యాడికి మండలం మొత్తం మీద నువ్వొక్కడివే అయ్యుంటావు. ఫోన్ చేస్తే చాలు, "దీంట్లో గొంతు గొంతు మాదిరి ఉండదప్పా, రేకు డబ్బా మాదిరి ఉంటాది, ఉత్తరం రాయి పో" అని పెట్టేస్తావు. జీవితమంతా మైకుసెట్టు నడిపిన వాడికి ఆ మాత్రం టెక్కు ఉండొచ్చులే. ఇదిగో, రాస్తున్నాను.

పోయిన వారం ముంబైలో ఆడియో ప్రదర్శనకు మా కంపెనీ నన్ను పంపింది. పెద్ద హోటలు. ఒక్కో గదిలో ఒక్కో కంపెనీ సెట్టు. జనం గుడిలోకి వచ్చినట్టు వచ్చి, కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఎవరైనా దగ్గితే అందరూ వాడి వైపు కోపంగా చూస్తారు. నువ్వుంటే పగలబడి నవ్వేవాడివి. యాంప్లిఫయర్లయితే ఒక్కొక్కటి మన రుబ్బురోలంత బరువు. తీగలు నేలకు తగిలితే శబ్దం చెడుతుందట, వాటి కింద పింగాణీ దిమ్మెలు పెట్టారు. ఒక గదిలో తబలా అద్భుతంగా పలికింది కానీ పాడే ఆవిడకు జలుబు చేసినట్టు ఉంది. ఇంకో గదిలో గొట్టం స్పీకర్లు పెట్టారు. అవును బావా, మన జాతర గొట్టాలే! వాటినే చెక్కతో చేసి నునుపు పట్టించారు. ధర చెప్పను. వజ్రకరూరు చేలల్లో నీకు వజ్రం దొరికినా చాలదు.

అన్నిటికంటే మా కంపెనీ తెచ్చిన స్పీకర్ల జోడీ గొప్పది. పాడే మనిషి పెదవి తడుపుకోవడం కూడా వినిపించింది. దాని గొప్పంతా డబ్బాలోనే ఉంది. ఎంత గట్టిగా పెట్టినా డబ్బా ఇసుమంత కూడా వణకదు. మా యజమాని విష్ణువర్ధన్ దాని నెత్తిన రూపాయి బిళ్ళను అంచు మీద నిలబెట్టి పాట పెడతాడు. పాట అయిపోయినా బిళ్ళ పడదు. జనం చప్పట్లు కొడతారు.

అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. ఫిబ్రవరిలో ఇదే ప్రదర్శన బెంగళూరులో జరుగుతుంది. ఈశ్వరమ్మ అక్క నీళ్ల ట్యాంకరు వచ్చిందని మైకులో చెప్పిన క్యాసెట్టు నీ దగ్గర ఉంది కదా. అక్క పోయాక ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క దాంట్లోనే. దాన్ని ఆ జోడీలో పెట్టి నీకు వినిపిస్తాను. అక్క నీ ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. నీ పాత టేకు స్పీకరు పెట్టె కూడా పంపు. పాతకాలపు సెట్టని వాకిట్లో పెడతాం, నీ పేరు రాయిస్తాం. కాదనకు.

నీ బావమరిది,
విజయభాస్కర్.


యాడికి,
19 డిసెంబరు 2024.

చిరంజీవి భాస్కరుకు తిప్పయ్య దీవెనలు.

ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివినాను. ఇక్కడ వాన లేదు, శెనగచేలు ఎర్రబారినాయి. నీ మేనకోడలు అనుపమ రోజూ తాడిపత్రి బడికి పోయి పాఠాలు చెప్పి వస్తోంది. మేనమామ పండగకు కూడా రాడు, ఉత్తరాల్లో మాత్రం ప్రేమ ఒలకబోస్తాడని అంటోంది. ఆ మాట నాది కాదు, దానిదే.

పలికేటప్పుడు వణకని డబ్బా గొప్పదంటావా? ఏమప్పా, మనిషి పాడితే రొమ్ము వణకదా? డోలు కొడితే చర్మం వణకదా? వణకనిది బండరాయి. దానికి చప్పట్లు కొట్టేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. తీగలకు పింగాణీ పీటలు వేసినారన్నావు, వాటికి విస్తరి కూడా వేయలేదా?

ఇక పెట్టె సంగతి. ఆ టేకు పెట్టె నేను దగ్గరుండి కొట్టించినది. లోపలి స్పీకరు, క్యాసెట్టు నడిపే మిషను నా చేత్తో బిగించినవి. అంగడి ఎత్తేసినప్పుడు గొట్టాలన్నీ అమ్మేసినాను, దీన్ని మాత్రం అమ్మలేదు. దీపాలు పెట్టే వేళకు మీ అక్క క్యాసెట్టు వేసుకుని, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. "అమ్మా, నీళ్ల ట్యాంకరొచ్చింది, బిందెలు తీసుకొని రాండి. తోసుకోవద్దండి, అందరికీ వస్తాయి. ముసిలోల్లను ముందు పట్టుకోనీండి." ఆ మాటలు ఈ ఊళ్లో అందరికీ నోటికి వచ్చు. కరువు సంవత్సరాల్లో ఆ గొంతు వినే కదా ఇక్కడివాళ్లు నీళ్లు తాగినది.

పెట్టె లేకపోతే నా సాయంత్రాలు ఎట్లా గడుస్తాయో తెలియదు. అయినా ఇస్తున్నాను. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉంటుందని రాసినావు చూడు, ఆ ఒక్క మాట కోసం ఇస్తున్నాను.

ఒక షరతు. వెనక చెక్క మరలు విప్పవద్దు. అందులో ఏ తీగ ఎక్కడ పోతుందో నా వేళ్లకే తెలుసు, ఇప్పుడు మళ్లీ బిగించాలన్నా నా చూపు ఆనదు. కుదురుగా పోయిన పెట్టె కుదురుగా తిరిగి రావాలి. ఈ మాట మాత్రం విను.

నీ బావ,
తిప్పయ్య.


బెంగళూరు,
10 జనవరి 2025.

బావకు నమస్కారాలు.

పెట్టె, క్యాసెట్టు రెండూ భద్రంగా చేరాయి. విష్ణువర్ధన్ పెట్టెను చూసి ముచ్చటపడ్డాడు. దాన్ని తుడిపించి, బాగు చేయించి, ప్రదర్శనలో అందరికీ కనపడేట్టు పెడతాడట.

క్యాసెట్టులోని గొంతును కంప్యూటరులోకి ఎక్కించి శుభ్రం చేయించాను. ట్యాంకరు ఇంజను రొద, బిందెల గలాటా, ఎవరిదో కుక్క అరుపు, అన్నీ తీయించేశాను. ఇప్పుడు అక్క ఒక్కతే మిగిలింది. ఆ రొదంతా పోయాక ఒక సంగతి బయటపడింది బావా. చెప్పాల్సింది చెప్పేసి, మైకు ఆపడం మరిచిపోయి, అక్క నిన్నే అడుగుతుంది: "ఏమయ్యా, ఇనపడతాండాదా?" అంతే, అక్కడ క్యాసెట్టు ఆగిపోతుంది. నువ్వు ఇన్నాళ్లుగా ఆ గరగరలో దాన్ని వినే ఉంటావా?

ప్రదర్శన ఆదివారం, ఫిబ్రవరి రెండో తేదీ. తాడిపత్రిలో బస్సెక్కు, నేను స్టాండుకు వస్తాను. గది నడిమధ్య కుర్చీ నీదే. అందరికంటే బాగా వినపడే చోటు అది, మంత్రులొచ్చినా ఇవ్వను.

భాస్కరు.


బెంగళూరు,
4 ఫిబ్రవరి 2025.

బావా,

క్షేమ సమాచారాలు రాసే మనసు లేదు. సూటిగా అడుగుతున్నాను. నేనేం పాపం చేశాను?

నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టాను. మా విష్ణువర్ధన్ నిన్ను అందరికీ పరిచయం చేశాడు. అంత పెద్ద మనిషి నీకు చెయ్యెత్తి దండం పెట్టాడు. దీపాలు తగ్గించారు. అక్క గొంతు వచ్చింది. బావా, నేను ఆ మాటలు వందసార్లు విన్నవాణ్ణే, అయినా ఉన్నచోటే నిలబడిపోయాను. తెలుగు రాని వాళ్లు కూడా ఊపిరి బిగబట్టారు. "ఏమయ్యా, ఇనపడతాండాదా?" అని అక్క అడిగినప్పుడు గదిలో అందరూ నీ వైపు తిరిగారు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నువ్వేమో పైన ఏసీ రంధ్రం వైపు చూస్తూ కూర్చున్నావు.

సరే, తట్టుకోలేక అట్లా చూశావనుకున్నాను. చప్పట్లన్నీ అయిపోయాక నా వైపు తిరిగి, గది అదిరేట్టు, "ఇంకా మొదులుపెట్టలేదేమప్పా?" అన్నావు. ఎంత వెటకారం బావా! తెలుగు తెలిసినవాళ్లు తెలియని వాళ్లకు చెప్పారు, అందరూ నవ్వారు. అంత ఖరీదైన సెట్టును, నా ఉద్యోగాన్ని, చివరికి అక్క గొంతును కూడా నీ టెక్కు కోసం నవ్వులపాలు చేశావు. విష్ణువర్ధన్ ముఖం మాడిపోయింది.

నీకంటే బాగా శబ్దం పుట్టించేవాళ్లు లోకంలో ఉన్నారంటే నువ్వు ఒప్పుకోలేవు. అంతే కదా? భోజనం కూడా చేయకుండా పోయావు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

విజయభాస్కర్.


యాడికి,
12 ఫిబ్రవరి 2025.

భాస్కరుకు,

సామెత సగమే రాసినావు. చెవిటివాని ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడానికి నీ తాత తరం కూడా కాదన్నాడట. ఆ చెవిటివాడు వెటకారం చేయలేదు భాస్కరూ. వాడికి కనపడింది వాడు చెప్పినాడు.

నేను కూడా అంతే. మొదలుపెట్టలేదనే అనుకున్నాను. నిజంగానే అడిగినాను.

నాకు చెవులు పోయినాయి. నిన్న మొన్న కాదు. జాతరల్లో గొట్టాల పక్కన నిలబడి, నిలబడి, మొదట కుడిది పోయింది, తర్వాత ఎడమది. అంగడికి వచ్చినవాళ్ల మాట మీ అక్క విని, నా ఎదురుగా నిలబడి మళ్లీ చెప్పేది. ఆమె పెదాలు చూసి నేను జవాబిచ్చేవాణ్ణి. నాకు పొగరని ఊరంతా అనుకునింది, అనుకోనీ అన్నాము. కంసాలికి చూపు పోయిందంటే బంగారం ఎవరిస్తారు? మైకుసెట్టు వానికి చెవుడంటే పెండ్లికి ఎవరు పిలుస్తారు? అంగడి మూసేసినాక చెప్పొచ్చు కదా అంటావు. అప్పటికి ఆ అబద్ధం నాకు చొక్కా మాదిరి అలవాటైపోయింది. అనుపమ కూడా నా చెవి కొంచెం మందం అనుకుంటోంది. తాడిపత్రి డాక్టరు చూసి, నరమే చచ్చింది, మిషను పెట్టినా లాభం లేదన్నాడు. నీ ఫోనులో గొంతు రేకు డబ్బా మాదిరి ఉంటుందన్నాను కదా, అది ఉత్తదే. ఏమీ ఉండదు. అందుకే ఉత్తరాలు రాయించుకునేది.

మరి క్యాసెట్టు ఎట్లా వింటానంటావు. అరచేత్తో. నా పెట్టె వణుకుతుంది భాస్కరూ. "ట్యాంకరొచ్చింది" అన్నచోట అరచేతి కింద దడదడమంటుంది. "ముసిలోల్లు" అన్నచోట మెత్తగా వస్తుంది. ఆఖరున రెండు చిన్న అదుర్లు ఉండేవి. క్యాసెట్టు ఆగే చప్పుడనుకునేవాణ్ణి. అది మీ అక్క నన్ను అడగడమని నీ ఉత్తరం చూసినాకే తెలిసింది. ఆ మాట అడిగినప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను. మైకు తీగ చుట్టుకుంటా ఉన్నాను. జవాబు చెప్పలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ నాకు తెలియనేలేదు.

అందుకే వచ్చినాను. పెదవి తడుపుకునేది కూడా వినిపించే సెట్టు కదా, చచ్చిన చెవిలోకి కూడా ఆ ఒక్క మాట దూరుతుందేమో, జవాబు చెప్పి రావొచ్చునని వచ్చినాను. ముసలివాని ఆశ. దూరలేదు. నీ డబ్బా మీద చెయ్యి పెట్టబోతే నీ విష్ణువర్ధన్ నవ్వుతా నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపినాడు. దాని మీద అట్ట ఉంది, దయచేసి ముట్టుకోకండి అని. బయటికి వస్తే వాకిట్లో నా పెట్టె. లోపల నీలం దీపం వెలుగుతా ఉంటే మిషను నడుస్తా ఉందనుకుని దాని మీద చెయ్యి పెట్టబోయినాను. అక్కడ కాపలా వాడు, "ముట్టుకోరాదు పెద్దాయనా" అన్నట్టు వేలు ఊపినాడు. నా పెట్టెను నేను ముట్టుకోరాదట. ఇంక భోజనం ఏం దిగుతుంది?

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. నాకు ఒక్కటే కావాలి. పెట్టెను, క్యాసెట్టును వెంటనే పంపు. ఆ రెండు చిన్న అదుర్లు ఏవో ఇప్పుడు నాకు తెలుసు. ఈసారి చెయ్యి పెట్టుకుని, ఆ మాట రాగానే జవాబు చెప్తాను. అంతే.

తిప్పయ్య.


బెంగళూరు,
21 ఫిబ్రవరి 2025.

బావా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎట్లా రాయాలో తెలియక కాగితాలు చించేశాను. నిన్ను చెవిటివాడన్నాను. నా నోరు పడిపోను.

కానీ ఇప్పుడు చెప్పాల్సింది దానికంటే చెడ్డది. పాత తీగలు షాకు కొడతాయని, లోపలి మిషనుతో పెట్టెను వాకిట్లో పెట్టనివ్వబోమని హోటలు వాళ్లు పట్టుబట్టారు. వెనక చెక్క విప్పవద్దని నువ్వు రాసింది విష్ణువర్ధన్‌తో చెప్పాను. "అలంకారానికే కదా, తర్వాత మళ్లీ బిగిద్దాం" అన్నాడు. నేను సరేనన్నాను. గట్టిగా వద్దనాల్సింది, అనలేదు. స్పీకరు, మిషను తీసి పక్కన పెట్టారు. ప్రదర్శన అయ్యాక ప్యాకింగ్ చెత్తతో పాటు అవి కూడా వెళ్లిపోయాయి. నాలుగు రోజులు వెతికించాను. దొరకలేదు. ఖాళీ పెట్టె, అందులో వాళ్లు పెట్టిన నీలం దీపం మిగిలాయి.

నేను కొని ఇవ్వగలిగిన వాటిలో మంచివి, మా కంపెనీవే చిన్న జోడీ పంపుతున్నాను. అక్క మాటలన్నీ అందులోనే ఎక్కించాను, మీట నొక్కితే చాలు. అనుపమకు ఫోన్లో అంతా చెప్పాను. పూర్తిగా వినపడదని దానికీ తెలియదట. ఖాళీ పెట్టె, క్యాసెట్టు కూడా వాటితోనే వస్తున్నాయి. ఈ జోడీ మీద చెయ్యి పెట్టి చూడు బావా. ఏదైనా తెలుస్తుందేమో. నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు. అయినా అడుగుతున్నాను.

భాస్కరు.


యాడికి,
9 మార్చి 2025.

విజయభాస్కరుకు,

సరుకు చేరింది. ఖాళీ పెట్టెకు తీగ తగిలిస్తే నీలం దీపం బాగానే వెలుగుతోంది. పక్కింటివాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని పోయినారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ ఊడిన నాలుకకు నువ్వు రంగు దీపం పెట్టి పంపినావు.

నేను చెవులతో వినలేదు. నువ్వేమో నా మాట వినలేదు. నా చెవుడుకు డాక్టరు నరం పేరు చెప్పినాడు. నీ చెవుడుకు ఏ నరం పేరు చెప్తావు? వెనక చెక్క విప్పవద్దని కాగితం మీద రాసి పంపినాను. నోటితో చెప్పింటే కదా వినపడలేదనుకునేది.

క్షమించినానని రాస్తే నీకు నిద్ర పడుతుందేమో. రాయను. నాకు పట్టడం లేదు. ఇకమీదట నువ్వు రాసినా నేను జవాబు రాయబోవడం లేదు. దీన్ని మాత్రం ఆఖరుదాకా చదువు.

నిన్న దీపాలు పెట్టే వేళకు అనుపమ నీ జోడీని బల్ల మీద సర్ది మీట నొక్కింది. నేను అరచెయ్యి పెట్టినాను. చల్లగా ఉంది. రెండు చేతులూ పెట్టినాను, చెంప ఆనించినాను. బండరాయి. ముంబై సంగతి చెప్తా నువ్వు రాసింది నిజమే, ఇసుమంత కూడా వణకదు. నీ కంపెనీ వాళ్లది గొప్ప పనితనం.

అప్పుడు నీ యజమాని చేసినట్టే ఒక రూపాయి బిళ్ళ తీసుకుని దాని నెత్తిన అంచు మీద నిలబెట్టినాను. పడితే ఆమె మాట్లాడుతున్నట్టు నాకు తెలుస్తుంది కదా. అనుపమ మళ్లీ మొదటినుంచి పెట్టింది. వీధిలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వాకిట్లోకి వచ్చినారు. ట్యాంకరు నిజంగానే వచ్చిందనుకున్నారు. అంత బాగా పలుకుతోందన్న మాట. నేను కన్ను ఆర్పకుండా బిళ్ళనే చూస్తా కూర్చున్నాను.

కొంతసేపటికి అనుపమ వచ్చి నా ఎదురుగా, మీ అక్క నిలబడినట్టే నిలబడింది. పెదాలు నిదానంగా కదిలించి, "నాయనా, అమ్మ అడుగుతాండాది" అని చెప్పింది.

"ఇనపడతాండాది ఈశ్వరీ" అని గట్టిగా అన్నాను. అనుపమ నోటికి పైట అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

రూపాయి బిళ్ళ పడలేదు.

తిప్పయ్య.